అమ్మ చేపలు తోమిన రాయి

మా పెరట్లో ఒక రాయి ఉండేది. ఇప్పుడది విశాఖపట్నంలో అద్దాల పెట్టెలో, ఏసీ గదిలో ఉంటోంది. మా ఇంట్లో ఇప్పటికీ ఏసీ లేదు. మా వంశంలో ఆ వైభోగం ముందుగా పట్టింది ఆ రాయికే.

మాది ఉద్దానంలో, బారువకి దగ్గర్లో ఉన్న ఊరు. జీడితోటల మధ్య నుంచి నడిస్తే సముద్రం తగులుతుంది. నేను టెక్కలిలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమస్తాని. పొద్దున్నే బస్సెక్కి వెళ్ళి, ఒక బల్ల మీది కాగితాల్ని ఇంకో బల్ల మీదకి చేర్చి, సాయంత్రం బస్సెక్కి వచ్చేస్తాను. ఈ పనికి జీతం ఇస్తారంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు. నేను ఇంకేదో పని చేస్తున్నాననీ, చెప్పుకోడానికి సిగ్గుపడుతున్నాననీ ఆవిడ అనుమానం.

రాయి సంగతి చెబుతాను. పెరట్లో నూతి పక్కన, అరటిచెట్ల మొదట్లో అది సగం భూమిలో దిగబడి ఉండేది. మా వైపు రాళ్ళు నల్లగా ఉంటాయి. ఇది పాలిపోయిన పసుపు రంగు. పైకి తేలిన అంచున వంకీ తిరిగిన గరుకు వరస ఒకటి ఉండేది. చేపని దాని మీద అడ్డంగా పెట్టి రెండు రుద్దులు రుద్దితే పొలుసు జలజలా రాలిపోయేది. ముందు బూడిదతో, తర్వాత కల్లుప్పుతో, ఆఖరున నీచు పోవడానికి చింతపండుతో తోమడం మా ఇంటి పద్ధతి. మా నాయనమ్మ అత్తగారి కాలం నుంచీ అదే పద్ధతి. మా నాయనమ్మది ఎడమచేతి వాటం. అందుకని ఎడమ మూల గరుకు అరిగి నున్నబడిపోయింది. మా అమ్మ కాపురానికొచ్చాక కుడి మూల పట్టుకుంది.

ఊళ్ళో అందరూ పెరళ్ళకి సిమెంటు చేయించుకున్నారు, కొందరు టైల్సు కూడా వేయించారు. టైల్సు మీద చేప తోమితే టైలు శుభ్రపడుతుంది తప్ప చేప కాదు. అందుకని బారువ నుంచి చేపల గంప రాగానే, కవళ్ళయినా గులివిందలయినా కొనుక్కున్న ఆడవాళ్ళందరూ గిన్నెలు పట్టుకుని మా పెరట్లోకి వచ్చేసేవారు. వరసలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటూ తోముకునేవారు. ఎవరి కోడలు ఎవరితో మాట్లాడటం లేదో, ఎవరి కొడుకు ఎక్కడ పనిలో చేరాడో, ఊరి సమాచారమంతా ఆ రాయి మీద పొలుసుతో పాటు రాలేది. నాన్న పోయాక ఇది మరీ ఎక్కువైంది. మా వైపు మగవాడు నడివయసులో పోతే ఏం జబ్బు అని ఎవరూ అడగరు, కిడ్నీలు అని అందరికీ తెలుసు. అమ్మని పరామర్శించడానికి వచ్చినవాళ్ళకి ఏం మాట్లాడాలో తోచేది కాదు. చేపలు పట్టుకుని వచ్చినవాళ్ళకి ఆ ఇబ్బంది ఉండేది కాదు. అమ్మ మళ్ళీ నవ్వడం మొదలుపెట్టింది ఆ రాయి దగ్గరే. ఈ ముక్క నాకు బాగా తెలుసు కాబట్టే, తర్వాత జరిగిన దానికి నాకు అంత ఒళ్ళు మండింది.

ఇక మా బావ. అంటే మా చెల్లెలి మొగుడు. పలాసలో జీడిపప్పు వ్యాపారం చేస్తాడు. పెళ్ళయ్యాక మా ఊళ్ళోనే ఇల్లు కట్టుకున్నాడు. సర్పంచి కావాలని ఆశ. మనిషి మంచివాడే, కాని ఖాళీగా ఉన్న మైకు కనబడితే వదలడు. ఎదుటి వర్గం వాళ్ళకి మా బావలో కనిపించిన లోపం ఒకటే, పుట్టింది ఈ ఊళ్ళో కాదు. 'వలసొచ్చినోడికి మన ఊరు ఎలగ ఇచ్చేత్తాం?' అని టీ కొట్టు దగ్గర అనేవారు. అది వచ్చి బావ చెవిన పడేది. ఆ రాత్రి బావ చెల్లి మీద కేకలేసేవాడు. పెళ్ళికి ముందు తనది ఏ ఊరో మా చెల్లికి తెలియదన్నట్టు.

ఒక ఆదివారం బావ మా ఇంటికి భోజనానికొచ్చాడు. అమ్మ గులివిందల పులుసు పెట్టింది. అల్లుడికి ఎంత పెట్టాలో అంత పెట్టి, చాలన్నాక ఇంకొంచెం పెట్టింది. చెయ్యి కడుక్కుందామని నూతి దగ్గరికి వెళ్ళి సబ్బునీళ్ళ మీద కాలేసి బోర్లా పడ్డాడు. పడ్డవాడు లేవలేదు. రాయి వైపు ముఖం పెట్టి అలా చూస్తూ ఉండిపోయాడు. మా చెల్లి ఏడుపు అందుకుంది.

"బావా, ఇలా రా. దీనికి పళ్ళున్నాయి," అన్నాడు బావ, పడుకునే.

నేను వంగి చూశాను. నిజమే. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ పైనుంచి చూసిన రాయిని పక్కనుంచి చూడటం అదే మొదటిసారి. అమ్మ గరుకు అనేది గరుకు కాదు. వరసగా పళ్ళు. వేలంత పళ్ళు, లోపలికి వంగి, దవడలో కుదురుగా ఉన్నాయి.

"పళ్ళుంటే ఉండనీ బాబూ, మనకి లేవేటి? ముందు లేచి సెయ్యి కడుక్కో," అంది అమ్మ.

బావ చెయ్యి కడుక్కోలేదు. పులుసు చేత్తోనే ఫోను తీసి వీడియో మొదలుపెట్టాడు. 'మన ఊరి గడ్డ మీద కోట్ల ఏళ్ళ నాటి రాకాసి చేప' అని చెప్పాడు. కోట్ల ఏళ్ళు అని ఆయనకెలా తెలిసిందని అడిగితే, లక్షల్లో చెబితే ఎవరూ చూడరన్నాడు. తర్వాత వచ్చినవాళ్ళు కూడా కోట్లే అన్నారు కాబట్టి ఈ ఒక్క విషయంలో మా బావని నేనేమీ అనను.

మర్నాటికి పెరట్లో అడుగుపెట్టడానికి చోటు లేదు. సోంపేట నుంచి, పలాస నుంచి మోటారు సైకిళ్ళ మీద వచ్చారు. ప్రతివాడూ ఆ పళ్ళ మధ్య చెయ్యి పెట్టి, కొరికినట్టు ముఖం పెట్టి ఫొటో తీయించుకున్నాడు. మధ్యాహ్నానికి గుడి పంతులుగారు వచ్చారు. నిదానస్తుడు. దూరం నుంచి చూశారు, దగ్గర్నుంచి చూశారు, కళ్ళజోడు తుడుచుకుని ఇంకోసారి చూశారు.

"సేప అన్నది అందరూ ఒప్పుకుంటన్నారు గదా. మరి ఇంత పెద్ద సేప మామూలు సేప ఎలగవుతాది? మత్స్యావతారం కాదనడానికి నాకైతే ధైర్యం సాలదు," అన్నారు.

కాదనడానికి ధైర్యం చాలదన్న మాట సాయంత్రానికి అవునన్న మాట అయిపోయింది. రాయిని తవ్వి తీశారు. అనుకున్న దానికంటే పెద్దదే, నలుగురు మోస్తే గాని కదల్లేదు. వీధి మొదట్లో ఇసుక దిబ్బ మీద పెట్టి, పసుపు రాసి, బొట్లు పెట్టి, ఎవరో భక్తుడు తెచ్చిన వెండి కళ్ళు అతికించారు. షామియానా వేస్తే సముద్రపు గాలికి రెండుసార్లు ఎగిరిపోయి జీడితోటలో పడింది. షెడ్డు వేయాలన్న మాట వచ్చింది. వేయిస్తామని ముందుకొచ్చినవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటుండగా ఒక పెద్దాయన ఆదుకున్నాడు.

"రావివలసలో ఎండల మల్లికార్జునుడికి కప్పు ఉన్నాదేటి? ఆయనకి ఎండే ఇష్టం. ఈయనకీ అంతే అని షామియానా ఎగరేసి మరీ సెప్తన్నాడు గదా," అన్నాడు.

అందరూ చెంపలు వేసుకున్నారు. షెడ్డు వేయిస్తామన్నవాళ్ళు అందరికంటే గట్టిగా వేసుకున్నారు.

ఇక అపరాధం సంగతి వచ్చింది. తరాల తరబడి దేవుడి ముఖం మీద చేపలు తోమినందుకు మా ఇంటివాళ్ళు ఏదో ఒక ప్రాయశ్చిత్తం చేసుకోవాలని పంతులుగారు మెల్లగా అన్నారు. అమ్మ కొంగు భుజాన కప్పుకుని నిలబడి విన్నది.

"నోట్లోనే గదా ఎట్టినాను పంతులుగారూ. నెత్తి మీద ఎయ్యలేదు, కాళ్ళ మీద ఎయ్యలేదు. సేపకి సేపలెడితే తప్పేటి?" అంది.

పంతులుగారు కళ్ళజోడు మళ్ళీ తుడుచుకున్నారు. శాస్త్రంలో చూసి చెబుతానన్నారు.

"సూడండి గానీ, నా రాయి ఎప్పుడిత్తారో అది కూడా సూసి సెప్పండి," అంది అమ్మ.

అప్పటికి అది అందరికీ నవ్వులాటగానే ఉంది. బావ కూడా నవ్వాడు. ఆ వీధిలో ఇకమీదట చేపలు తోమకూడదని, కొత్త దేవుడికని ఊళ్ళో వేసిన కమిటీ తీర్మానించింది. గంప పట్టుకుని వచ్చే ఆవిడ వెనక సందులోంచి పోవాలన్నారు. సముద్రం ఒడ్డున ఉన్న ఊరు చేపలు మానేసిందా అంటే మానలేదు. తలుపులు వేసుకుని తిన్నారు. మామూలుగా చేపలు వండితే పక్కింటికి గిన్నెడు పంపే ఊరు మాది. ఆ నెలల్లో పక్కింట్లో పులుసు కాగుతున్న వాసన వస్తుంటే, ముక్కు మూసుకుని 'ఏదో ఎలక చచ్చినట్టుందమ్మా' అనుకున్నారు.

మా పెరట్లో రాయి ఉన్నచోట గొయ్యి మిగిలింది. నాలుగు రోజులు అలవాటు కొద్దీ ఇద్దరు ముగ్గురు వచ్చి, గొయ్యి చూసి, నిలబడి రెండు మాటలు మాట్లాడి వెళ్ళారు. కూర్చోవడానికి పనేమీ లేదు. తర్వాత నిలబడటానికీ రాలేదు.

ఈలోగా వీధి మొదట్లో అద్భుతం జరిగింది. దేవుడి పళ్ళు పెరుగుతున్నాయి. మొదట ఎవరో ముసలమ్మ అంటే ఎవరూ పట్టించుకోలేదు. ఆ తర్వాత బావ తన పాత వీడియో తీసి పక్కన పెట్టి చూపించాడు. అబద్ధం కాదు. పళ్ళు ముందుకంటే బయటికి వచ్చాయి. ఎవరికీ తెలియని చిన్న పళ్ళు కూడా వెనక వరసలో తొంగి చూస్తున్నాయి. జనం రెట్టింపయ్యారు. ఒడిశా నుంచి కూడా బళ్ళు కట్టుకుని వచ్చారు. రోజూ పెరుగుతో, నిమ్మరసంతో, చింతపండు పులుసుతో అభిషేకం. పులుసెందుకంటే, మా అమ్మ పెట్టిన అలవాటు ఒక్కసారిగా మాన్పిస్తే దేవుడికి కోపం వస్తుందేమోనని పంతులుగారి జాగ్రత్త. నాకు నచ్చిన మనిషి ఆయన.

ఎదుటి వర్గానికి ఇది కంటగింపయింది. ఆ రాయి సంగతి ప్రభుత్వమే తేల్చాలని అర్జీ పెట్టారు. ఆ అర్జీ తిరిగి తిరిగి టెక్కలిలో నా బల్ల మీదకే వచ్చింది. మా అమ్మ రాయి గురించి మా ఊరివాళ్ళు పెట్టిన కాగితాన్ని నేనే పైవాళ్ళకి పంపాలి. ఎవరికి పంపాలో పైవాళ్ళకీ తెలియలేదు. చేపల ఆఫీసుకి పంపితే, బతికున్న చేపలే మా పరిధి అన్నారు. గనుల ఆఫీసు వాళ్ళు, రాయి అయితే మాదే కాని దానికి పళ్ళుంటే మాది కాదన్నారు. పాత విగ్రహాలు చూసుకునేవాళ్ళు, మనిషి చెక్కింది కానప్పుడు మాకేం సంబంధం అన్నారు. గుళ్ళ ఆఫీసు ఒక్కటే వెంటనే ఫోను చేసింది. హుండీ పెట్టారా అని అడిగింది.

కోట్ల ఏళ్ళు భూమిలో ఓపిగ్గా పడి ఉన్న చేప కాబట్టి మా ఆఫీసుని తట్టుకుంది. ఆఖరికి ఒక విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసరమ్మ వచ్చారు. కాటన్ చీర, కాళ్ళకి బూట్లు. వచ్చీ రాగానే ఇసుకలో వెల్లకిలా పడుకుని రాయి కిందకి తల దూర్చారు. జనం చేతులు జోడించారు. అంత భక్తి ఎవరూ చూపించలేదు.

లేచి ఇసుక దులుపుకుంటూ, "ఇది కింది దవడ. మీరు కళ్ళు పెట్టింది గడ్డానికి," అన్నారు.

ఇన్నాళ్ళూ నైవేద్యం చూపించింది కూడా ముఖం వైపు కాదని అప్పుడర్థమైంది. పంతులుగారు మాత్రం తొణకలేదు. దేవుడికి అన్ని వైపులా ముఖాలే అన్నారు.

ప్రొఫెసరమ్మ ఓపిగ్గా చెప్పారు. వేటాడి తినే చేపట, మనిషికి రెండింతల పొడవట. చిన్న చేపలే దాని ఆహారమట. పళ్ళు పెరగడం కూడా నిజమేనట, అయితే పెరుగుతున్నది పళ్ళు కాదు, తరుగుతున్నది రాయి. ఇది సున్నపురాయి కాబట్టి పులుపు తగిలితే కరుగుతుంది. పళ్ళు అంత తొందరగా కరగవు. మా ఇంట్లో తరాల తరబడి పోసిన చింతపండు పని కొంత, ఇప్పటి అభిషేకం పని కొంత. జనం శ్రద్ధగా విని, విన్నది అక్కడే వదిలేసి, కొబ్బరికాయలు కొట్టుకున్నారు.

కాని ఆవిడ ఆఖరున ఒక మాటన్నారు. దాంతో కథ అడ్డం తిరిగింది.

"ఈ రాయి ఇక్కడిది కాదు. ఈ ప్రాంతంలో ఇలాంటి రాయి ఉండదు. బారువ రేవుకి ఓడలొచ్చిన రోజుల్లో బరువు కోసం ఓడ అడుగున రాళ్ళు వేసుకుని వచ్చేవారు. సరుకు ఎక్కించుకునేటప్పుడు వాటిని ఒడ్డున పారేసేవారు. ఇదీ అలా వచ్చి ఉంటుంది. ఏ దేశం నుంచో చెప్పలేను," అన్నారు.

నేను బావ ముఖం చూశాను. 'మన ఊరి గడ్డ, మన ఊరి చేప' అని ఊరంతా కటౌట్లు పెట్టించాడు పాపం. చేప పక్కన తన ఫొటో. ఆ సాయంత్రమే టీ కొట్టు దగ్గర మాట పుట్టింది.

"వలసొచ్చినోడు వలసొచ్చిన సేపని తెచ్చి మన నెత్తినెట్టినాడు."

మా ఊరి జనం పక్క రాష్ట్రాలకి, పై దేశాలకి పనులకి పోతూనే ఉంటారు. అక్కడ వాళ్ళని ఎవరైనా పరాయివాళ్ళు అంటే కుమిలిపోతారు. ఆ ఊరే ఓడెక్కి వచ్చిన చేపని పరాయిదంది. ఎన్ని తరాలుగా ఉన్నా, ఎంతమంది పొలుసు తీసినా ఊరిది కాకుండా పోయింది. వారం తిరక్కుండా అభిషేకాలు పల్చబడ్డాయి. వెండి కళ్ళు తెచ్చినాయన వచ్చి తన కళ్ళు తను ఊడదీసుకుని వెళ్ళాడు.

బావ తెలివైనవాడు. గాలి ఎటు తిరిగిందో చూసుకుని, చేపని 'విజ్ఞానానికి అంకితం' చేస్తున్నట్టు ప్రకటించాడు. శాలువాలు తెప్పించాడు, తనకో శాలువా కూడా. రాయిని వ్యానెక్కించే రోజున అమ్మ గుమ్మం దిగి వచ్చింది. జనంలోంచి నేరుగా ప్రొఫెసరమ్మ దగ్గరికి వెళ్ళింది.

"అమ్మా, దేవుడు కాదని తేలిపోనాది గదా. మరింక నా రాయి నాకిచ్చేయొచ్చు గదా," అంది.

ప్రొఫెసరమ్మ నవ్వలేదు. అమ్మ చెయ్యి పట్టుకుని, ఇలాంటిది మన దేశంలో ఎక్కడా దొరకలేదనీ, పిల్లలు చూసి నేర్చుకుంటారనీ చెప్పారు. అమ్మ తల ఊపింది. పిల్లలు నేర్చుకుంటారంటే ఆవిడ దేనికైనా తల ఊపుతుంది. వ్యాను వెళ్ళిపోయాక మాత్రం, "మరి మనమేటి సేద్దాంరా?" అని నన్ను అడిగింది. బావ వెంటనే, గ్రానైటు పలక వేయిస్తానత్తా, ఫస్టు క్లాసుది అన్నాడు.

వేయించాడు కూడా. అద్దంలా మెరిసే నల్ల పలక. దాని మీద కవళ్ళు పెట్టి ఒక్క రుద్దు రుద్దితే చేప చేతిలోంచి జారి నూతిలో పడింది. దాన్ని పట్టుకోవాలని వంగిన అమ్మ కూడా కొద్దిలో తప్పించుకుంది. ఆ పలక మీద ఇప్పుడు బట్టలు ఆరేస్తున్నారు.

చేపల మీద నిషేధం తనంతట తనే పోయింది. గంప మళ్ళీ మా వీధిలోకి వచ్చింది. కాని ఈలోగా ఊరికి కొత్త అలవాటు పట్టింది. పలాస బజారులో కోసి, పొలుసు తీసి, కవర్లో వేసి ఇస్తున్నారు. కొని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టుకుంటున్నారు. ఎవరి చేప వాళ్ళ ఫ్రిజ్‌లో. గంప వచ్చే వేళకి అమ్మ ఇప్పటికీ నూతి పక్కన పీట వేసుకుంటుంది. గులివిందలు కొని ఒక్కర్తే కత్తితో గీకుతుంది. పొలుసు సగం పోతుంది, సగం పులుసులో తేలుతుంది. నేను తీసి కంచం పక్కన పెట్టి తింటాను, ఆవిడ చూడనట్టు ఊరుకుంటుంది. నాన్న పోయిన రోజుల్లో ఎలా ఉండేదో మళ్ళీ అలాగే అయిపోయింది.

ఒక రోజు తనే అంది, "దాన్ని ఓసారి సూసొద్దాంరా."

పలాసలో రైలెక్కి విశాఖపట్నం వెళ్ళాం. అమ్మ మంచి చీర కట్టుకుంది. చంకలో సంచి పెట్టుకుంది. అద్దాల పెట్టెలో, లైట్ల వెలుగులో, శుభ్రంగా ఉంది రాయి. పసుపు లేదు, బొట్టు లేదు. మా ఇంటిదే అని చెప్పినా ఎవరూ నమ్మరు. పక్కన పలక మీద రాసింది చదవమంది. చదివాను. కనుగొన్నవారు అని మా బావ పేరు ఉంది. దొరికిన చోటు బారువ తీరం అని ఉంది. ఆహారం, చిన్న చేపలు. కింద ఇంకో వాక్యం ఉంది, ఎడమవైపు పళ్ళు ఎక్కువగా అరిగి ఉన్నందున ఈ చేప ఆహారాన్ని ఎడమవైపే నమిలేదని భావిస్తున్నారు.

అమ్మ ఆ వాక్యం ఇంకోసారి చదవమంది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు ఊగిపోయాయి.

"మీ నాయనమ్మరా," అంది, నవ్వలేక. "మీ నాయనమ్మ ఎడంసెయ్యి. పాపం, బతికుంటే ఎంత నవ్వేదో."

ఇద్దరం ఆ ఏసీ గదిలో నిలబడి కళ్ళంట నీళ్ళొచ్చేలా నవ్వాం. అమ్మ అలా నవ్వగా చూసి ఎన్నాళ్ళయిందో. నవ్వు ఆగాక అమ్మ అటూ ఇటూ చూసి, సంచిలోంచి చిన్న పొట్లం తీసి, పెట్టె కాళ్ళ వెనకగా నెట్టేసింది. ఎండుచేపలు, నెత్తళ్ళు. రైల్లో మా పక్కన కూర్చున్నవాళ్ళు సోంపేట వాళ్ళో, బారువ వాళ్ళో అయ్యుంటారు, ఒక్కరూ ముక్కు మూసుకోలేదు. ఇక్కడ మాత్రం కాపలా అతను ముక్కు ఎగరేసుకుంటూ వచ్చేశాడు. ఏమిటండీ వాసన అన్నాడు.

"సేప గదా బాబూ, వాసన రాదేటి?" అంది అమ్మ.

అతను అద్దం వైపు అనుమానంగా చూస్తుంటే మేం బయటికి వచ్చేశాం.

తిరుగు రైల్లో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషను దాటింది. నాకు ఊరుకోబుద్ధి కాలేదు.

"రేపు బారువ వెళ్ళి నేనే కవళ్ళు తెస్తానమ్మా. గంపెడు తెస్తాను. వీధిలో అందర్నీ పిలు. వస్తారు," అన్నాను.

"పిలిత్తే ఎందుకు రారు, వత్తారు," అంది అమ్మ, బయటికి చూస్తూనే. "వచ్చి దేని మీద తోముతారు?"